హిందె గుమ్మం చీటీ

ఒల్షాంకా
మందిరంలో జలప్రళయం చదివే వారం, గురువారం

మావయ్యా, నీకు శాంతి.

బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి నేల మీద కూర్చున్న తల్లిని, ఆ చావుకు నువ్వే కారణమని వేలెత్తి చూపడం హత్యకు తక్కువ నేరం కాదు. ఆ పని చేసినవాడు కాల్మన్. మన సమాజమందిరం పెద్ద, తోళ్ళ కార్ఖానా యజమాని, ప్రతి సబ్బాతుకూ తూర్పు గోడ పక్క పెద్దల బల్ల మీద కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఊగే ఆ కాల్మనే. ఆ తల్లి మా అక్క హిందె.

పెషెలె పోయిన సంగతి బావ గెట్సెల్ నీకు రాసే ఉంటాడు. నాలుగేళ్ళ పిల్ల. మూడు రోజులు నెత్తురు విరేచనాలు, నాలుగో రోజు లేదు. శుక్రవారం, సబ్బాతు ముంచుకొస్తోందని పరుగుపరుగున పాతిపెట్టాం. అక్క దుఃఖపు ఏడు రోజులూ నేల మీదే కూర్చుని ఇవాళ పొద్దున లేచింది. లేచింది అంటే లేచింది, అంతే.

మంగళవారం మధ్యాహ్నం నేను పనిచేసే బ్రష్షుల కార్ఖానా నుంచి ఉడికించిన గుడ్లు పట్టుకుని వెళ్ళాను కదా, గుమ్మంలో కాల్మన్ నిలబడి ఉన్నాడు. ముసలి లేఖరి పీట ఎక్కి, తోలు మీద దేవుడి వాక్యం రాసి చుట్టిన గుమ్మం చీటీ ఉన్న రేకు పెట్టెను పటకారుతో ఊడదీస్తున్నాడు. "చీటీ ఒకసారి చూడాలి, అంతే," అంటున్నాడు కాల్మన్. లోపల అక్క మొహం కప్పుకుని ఏడుస్తోంది. దీని అర్థం నీకు చెప్పాలా? ఇంటికి కీడు జరిగితే గుమ్మం మీది వాక్యం విప్పి చూస్తారు. అందులో లోపం కనబడితే కీడుకు కారణం దొరికినట్టే. కారణం దొరికితే కాల్మన్ బతికిపోయినట్టే.

"ఏం వెతుకుతున్నారు కాల్మన్ గారూ, దేవుడి సంతకమా?" అన్నాను.

"లోపలికెళ్ళి అక్క దగ్గర కూర్చో నాయనా," అన్నాడు.

కూర్చున్నాను. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా పలకరించ వచ్చినవాడు నోరు విప్పకూడదు. అక్క విప్పలేదు. నేనూ విప్పలేదు. భోజనం గంట అయిపోయింది, వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఇది విను. తోళ్ళ కార్ఖానా సున్నపు గుంటల్లోంచి వచ్చే కాలువ మన వీధి వెనకాల నుంచి పారుతుంది. కాలువకు పది అడుగుల్లో బావి. ఈ శరత్కాలంలో కాలువ వెంబడి మూడిళ్ళలో ముగ్గురు పిల్లలు పోయారు. మూడిళ్ళ గుమ్మం చీటీలూ ఒకేసారి చెడిపోయాయా మావయ్యా?

విల్నా నుంచి పంది వెంట్రుకల మూటల్లో మాకు కరపత్రాలు వస్తున్నాయి. ఉల్లిపొర లాంటి కాగితం. వాటిలో ఉంది: మనిషిని తయారు చేసేవి అతని బతుకు పరిస్థితులు, నుదుటి రాత అనేది ఉన్నవాళ్ళు కట్టిన కథ అని. నువ్వు వాటిని చదవవని తెలుసు. నీ పుస్తకాల్లోంచే అడుగుతున్నాను. బాధలో ఉన్నవాడితో 'నీ పాపం వల్లే' అనడం మాటతో చేసే హింస అని పెద్దలు చెప్పారా, లేదా? ఒక్క ముక్క రాయి.

నీ మేనల్లుడు
ఫైవెల్


నొవార్దొక్
అబ్రాహాము ఊరు విడిచే వారం, సోమవారం

నూట ఇరవై ఏళ్ళు బతకవలసిన ఫైవెల్‌కు,

చెప్పారు. ఒక్క ముక్క అడిగావు, రాశాను. మిగతావి అడక్కుండానే రాస్తున్నాను.

పెషెలెను నేను చూసింది ఒక్కసారి. నా గడ్డం పట్టుకు లాగి, "ఇది ఊడుతుందా తాతా?" అంది. ఉత్తరం రాస్తూ చెయ్యి గడ్డం మీదికి పోతోంది.

మంచివాడి కష్టానికి గానీ, చెడ్డవాడి సుఖానికి గానీ కారణం మన చేతికి అందలేదని పెద్దలే ఒప్పుకున్నారు. అంత చదువు చదివినవాళ్ళు 'మాకు తెలియదు' అన్నచోట, బజార్లో ప్రతివాడికీ తెలిసిపోవడం నాకూ మంట. అందులో నీతో ఉన్నాను.

కానీ నీ కరపత్రం సంగతి ఒకటి అడగనా? పరిస్థితులే మనిషిని తయారు చేస్తే కాల్మన్‌ను తయారు చేసిందీ అవేగా? మరి ఆయన మీద కోపం దేనికిరా? వెళ్ళి పరిస్థితులను తిట్టుకో. మా మాట వేరు. అన్నీ పైవాడి చేతిలోనే ఉన్నాయి, ఆయనకు భయపడడం ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మన చేతిలో పెట్టి, ఏం చేస్తామో చూస్తున్నాడు. కాల్మన్‌ను చూస్తున్నాడు. నిన్నూ చూస్తున్నాడు.

ఇక్కడ మా మతపాఠశాలలో నిన్న నా వంతు. అహంకారం విరగ్గొట్టుకోవడానికి మమ్మల్ని ఒక్కొక్కరినీ అయోమయం పనులకు పంపుతారని తెలుసుగా. మందుల షాపుకెళ్ళి గుప్పెడు మేకులు అడిగాను. షాపువాడు నా మొహం చూసి, "తినకముందా, తిన్నాకా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకూడదు. సాధన చెడింది, మళ్ళీ వెళ్ళమన్నారు.

హిందెను కనిపెట్టుకుని ఉండు. పెట్టెలో కొత్త చీటీ పెట్టారు కదా, ఇక ఆ గుమ్మం గొడవ వదిలెయ్. ఎవరినైనా తూచేటప్పుడు తక్కెడ మంచి వైపు మొగ్గనివ్వు.

నీ మావయ్య
జుండెల్


ఒల్షాంకా
అబ్రాహాము ఊరు విడిచే వారం, గురువారం

మహాశయులు జుండెల్ గారి సముఖానికి,

తమరి ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి గడ్డం దగ్గర ఏడ్చాను. రెండోసారి మేకుల దగ్గర నవ్వాను. మూడోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నాలుగోసారి ఆ వాక్యం ఒక్కటే చదివాను.

'పెట్టెలో కొత్త చీటీ పెట్టారు కదా.'

నేను రాయలేదు. నాకే తెలియదు. ఆ సాయంత్రం పాత రేకు పెట్టె పాత మేకులకే కనబడితే, ఉన్నదే తిరిగి కొట్టారనుకున్నాను. బావకూ తెలియదు, అడిగాను. అరవై మైళ్ళ దూరంలో మందుల షాపులో మేకులు అడుక్కునే తమరికి మాత్రం తెలిసింది. ఎలా?

లేఖరి దగ్గరికి వెళ్ళాను. ముసలాయన నన్ను చూడగానే కిటికీ గట్టు మీదున్న దేన్నో గుడ్డతో కప్పాడు. తీశాను. నల్లగా, పుట్టగొడుగులా బూజు పట్టి, చీకిపోయిన తోలు ముక్క. ఒక్క మాట కూడా మిగల్లేదు దాని మీద.

"ఇది మా అక్క గుమ్మానిదేనా?"

"నన్నడక్కురా."

"కాల్మన్‌కు చూపించావా?"

"మాటిచ్చాను నాయనా, నా నోరు తెరిపించకు. నీకు దణ్ణం పెడతాను, గుడ్డ కప్పెయ్."

తేలు కుట్టిన దొంగలు ఇలాగే మూలుగుతారు. ఇక నాకు అంతా తెలిసిపోయింది. కుళ్ళిన చీటీ చూపించి అక్క నోరు మూయించాడు. ఆమె ఎవరితోనూ మాట్లాడకపోవడం అందుకే. లేఖరి చేత ఒట్టు వేయించుకున్నాడు. బంధువుల్లో చదువుకున్నవాడివి నువ్వొక్కడివే గనక నీకూ ముందే చెప్పి ఉంచాడు.

ప్రతి చలికాలం నీకు బూట్లు ఎవరు పంపుతారు మావయ్యా? ఎవరి తోలు అది? ఏ గుంటలో నానింది? ఆ గుంట నీళ్ళు ఎక్కడికి పోయాయి? 'తక్కెడ మంచి వైపు మొగ్గనివ్వు' అని రాసేటప్పుడు నీ కాళ్ళు వెచ్చగా ఉన్నాయా?

ఆదివారం సంత. ఇరవై ప్రతులు రాస్తున్నాను. మందిరం తలుపుకు, స్నానాల ఇంటికి, బావి రాట్నానికి. ఎవరు ఆపుతారో చూస్తాను.

ఫైవెల్


నొవార్దొక్
అతిథుల వారం, ఆదివారం

ఒరేయ్ ఫైవెల్,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. ఏమీ అంటించకు. ఏమీ రాయకు. బూట్ల గురించి ఎన్ని మాటలైనా అను, పడతాను. ఆ చీటీ మాట మాత్రం ఎవరి చెవిలోనూ వెయ్యకు. ఎందుకో చెప్పలేను, నేనూ మాటిచ్చాను. ఆ మాట తీసుకున్నవాణ్ణే నన్ను విడిపించమని ఇవాళే రాస్తున్నాను. జవాబు వచ్చేదాకా ఆగు. నాలుగు రోజులు.

నీకు నిజంగా ఫిర్యాదు ఉంటే మన తాతలు చేసినట్టు చెయ్యి. సబ్బాతు పొద్దున వేదిక ఎక్కి, 'నా మాట వినేదాకా గ్రంథం చదవనివ్వను' అని బల్ల చరుచు. చదువు ఆపే హక్కు ఊళ్ళో కట్టెలు కొట్టేవాడికి కూడా ఉంది. అక్కడైతే ఎదుటివాడు లేచి జవాబు చెబుతాడు. కాగితానికి జవాబు చెప్పే దారి లేదురా.

జుండెల్


ఒల్షాంకా
అతిథుల వారం, సోమవారం

మావయ్యా,

నిన్న సంత. అంటించాను. నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చినా ఆగేవాణ్ణి కాదు. ఒక ప్రతి ఇందులో పెట్టాను, చదువుకో:

"ఒల్షాంకా జనులారా! కాలువ వెంబడి మూడిళ్ళలో ముగ్గురు పిల్లలు చచ్చారు. కాల్మన్ గుంటల నీరు తాగి చచ్చారు. కాల్మన్ ఏం చేశాడు? గుంట మూశాడా? బావికి గోడ కట్టాడా? లేదు! దుఃఖంలో ఉన్న హిందె గుమ్మం విప్పించాడు. బూజు పట్టి చీకిన చీటీ పైకి తీశాడు. 'ఇదిగో నీ బిడ్డను చంపింది' అని ఆమె మొహాన కొట్టాడు! నెత్తురు అతని నీళ్ళలో ఉంది. పాపం ఆమె గుమ్మంలో వెతుకుతున్నాడు!"

ఎలా ఉంది? చివరి రెండు వాక్యాలకు ఒక సాయంత్రం పట్టింది.

ఊరు ఊరంతా నిలబడి చదివింది. చేపలమ్మే ఆవిడ చదవడం రాక ఎదుటివాణ్ణి పట్టుకుని, "చదవరా, మింగకుండా చదువు," అని చదివించుకుంది. కాల్మన్ సాయంత్రం ప్రార్థనకు వచ్చాడు. తూర్పు గోడకు వెళ్ళలేదు. తలుపు దగ్గర, బిచ్చగాళ్ళ బల్ల చివర కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. కాదనలేదు! కాకపోతే కాదని అరవడా? నిప్పు లేందే పొగ వస్తుందా?

అక్క ఇంకా ఏమీ అనలేదు. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమెకు చదివి వినిపించారట. నీళ్ళ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిందట. తన వైపు నిలబడి మాట్లాడేవాడు ఒకడున్నాడని ఆమెకిప్పుడు తెలిసింది. సాయంత్రం వెళ్ళి చూస్తాను.

నీ జవాబు కోసం చూస్తూ ఉండను.

ఫైవెల్


నొవార్దొక్
అతిథుల వారం, బుధవారం

ఫైవెల్,

ఇవాళ ఒకే టపాలో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నీది. రెండోది కాల్మన్‌ది. 'ఇక దాచి లాభం లేదు, పిల్లవాడికి చెప్పండి' అని రాశాడు. చెబుతున్నాను. కూర్చుని చదువు.

కాల్మన్ తనంతట రాలేదు. హిందె పిలిపించింది.

దుఃఖం నాలుగో రోజున గెట్సెల్‌ను పంపింది. కాల్మన్ వచ్చి, "అమ్మా, ఇలాంటివి వద్దు. పసిదానికి జబ్బు చేసింది, అంతే," అన్నాడు. ఆమె వినలేదు. "ఒక శుక్రవారం సబ్బాతు దీపాలు నియమం తప్పి ఆలస్యంగా వెలిగించాను. ఇంకో రోజు పాలగిన్నె మాంసం పొయ్యి మీద పెట్టాను. ఏది నా బిడ్డను తీసుకుపోయిందో తెలియాలి. గుమ్మం చూపించండి. చూపించకపోతే నేనే గొడ్డలితో ఊడదీస్తాను," అంది. మర్నాడు లేఖరిని వెంటబెట్టుకు వచ్చాడు. నువ్వు చూసింది అది. గెట్సెల్ నీతో అనకపోవడానికి కారణం, వాడికి తన భార్య అలా వెతుక్కోవడం సిగ్గు.

నువ్వు వెళ్ళాక పెట్టె విప్పితే, లేఖరి దగ్గర నువ్వు చూసినదే ఉంది. కాల్మన్ దాన్ని గుప్పిట్లో దాచి లోపలికి వెళ్ళి, "చక్కగా ఉందమ్మా. రాసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నీ గుమ్మంలో ఏ దోషమూ లేదు," అని చెప్పాడు. ఆ సాయంత్రమే పాత పెట్టెలో కొత్తది పెట్టించి కొట్టించాడు. లేఖరి చేత ఒట్టు వేయించాడు. ఆ రాత్రే నాకు ఉత్తరం: 'దుఃఖంలో ఉన్న ఇంట్లో నిలబడి అబద్ధమాడాను, నా గతేమిటి?' అని. మంచి పని చేశావు, మనుషుల శాంతి కోసం సత్యం పక్కకు జరుగుతుంది, ఎవరికీ చెప్పకు అని జవాబు రాశాను.

హిందె ఆ రోజు మొదటిసారి అన్నం తిందట.

ఆ చీటీ చీకిపోయిందని హిందెకు చెప్పినవాడు ఈ లోకంలో ఒక్కడే. సంతలో, ఇరవై ప్రతుల్లో.

ఇంకా తిట్టడానికి కూర్చున్నాను, చెయ్యి రావడం లేదు. నలుగురిలో ఒకడి మొహం పాలిపోయేలా చేస్తే నెత్తురు ఒలికించినట్టే అంటారు. నువ్వు ఇద్దరి నెత్తురు ఒలికించావు. సబ్బాతున పొగ తాగుతావు, ఉపవాసం రోజు యాపిల్ కొరుకుతావు, నియమాలన్నీ కాలితో తన్నావు. దుఃఖించేవాళ్ళతో ముందుగా మాట్లాడకూడదన్న ఆ ఒక్క నియమాన్ని ఎందుకు పట్టుకుని కూర్చున్నావురా? 'అక్కా, ఏమైంది?' అని రెండు ముక్కలు అడిగి ఉంటే!

నా పాపం నాకుంది. 'కొత్త చీటీ' అని నోరు జారినప్పుడే నిజం చెప్పేయాల్సింది. గుట్టు దాచే గొప్పవాణ్ణని మురిశాను. మందుల షాపుకు ఎన్నిసార్లు పంపినా ఆ అహంకారం పోలేదు.

హిందె ఎలా ఉంది? అదొక్కటే రాయి.

జుండెల్


ఒల్షాంకా
శారా సమాధి వారం, సోమవారం

మావయ్యా,

అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. ఎనిమిది రోజులు. నీ ఉత్తరం రాకముందు సోమవారం సాయంత్రమే వెళ్ళాను. బావ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మళ్ళీ ఏం రాయడానికి వచ్చావు?" అన్నాడు. అతని వెనక నుంచి అక్క గొంతు వినబడింది: "వాణ్ణి తిట్టకు. ఫైవెల్ చదువుకున్నవాడు. వాడు రాశాడంటే నిజమే. నా గుమ్మం కుళ్ళింది, నా బిడ్డ పోయింది." అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. కాల్మన్ చెప్పింది నమ్ముతోందే అనుకుని, కాల్మన్‌నే తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, నేను రాసింది నమ్ముతోందని.

'ఇదిగో నీ బిడ్డను చంపింది' అని కాల్మన్ అనగా నేను వినలేదు. ఆ మాట నేనే పుట్టించాను. నాకు బాగుందనిపించింది, రాశాను. పరిస్థితులు నా చెయ్యి పట్టి రాయించలేదు. పైవాడూ రాయించలేదు. నిన్ను గెలిపించడానికి ఒప్పుకోవడం లేదు, నిజం గనక ఒప్పుకుంటున్నాను.

శుక్రవారం నీ ఉత్తరం అందగానే కార్ఖానా మానేసి అక్క మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఈసారి ముందు నేనే మాట్లాడాను. పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా మాట్లాడాను. చివరికి అంది:

"నువ్వు ఇప్పుడు నా కోసం అబద్ధం చెప్తున్నావు. కాల్మన్ గారు చెప్పలా? అలాగే."

"లేదక్కా."

"మరి చీటీ కుళ్ళలేదా?"

"కుళ్ళింది. గోడ వెనకాల కాలువ. పట్టుకుని చూడు ఈ గోడను." ఆమె చెయ్యి తీసి గోడకు ఆనించాను. చెమ్మ. "ఈ వరసలో ఏ గుమ్మం విప్పినా ఇలాగే ఉంటుంది. నీరు అట్నుంచి గోడలోకి వచ్చింది, ఇట్నుంచి బావిలోకి పోయింది. నువ్వు పాలగిన్నె ఎక్కడ పెట్టావో ఆ నీటికి తెలియదు."

చాలాసేపు చెయ్యి గోడ మీదే ఉంచింది. నమ్మిందో లేదో చెప్పలేను. తర్వాత అంది: "నాకొక్కదానికి చెప్తే నేనెలా నమ్మను? అందరి ముందూ రాశావు. అందరి ముందూ చెప్పు."

నిన్న కాల్మన్ దగ్గరికి వెళ్ళాను. క్షమించమన్నాను. "నీ క్షమాపణ నాకెందుకురా, బూట్లకు అట్టలుగా వేసుకోనా? ముందు ఆ పిల్ల చేత అన్నం తినిపించు," అన్నాడు. తప్పు నాదే గనక తల వంచుకు నిలబడ్డాను. కానీ మావయ్యా, తల వంచితే కాలువ కనబడింది. "మీరు అక్కతో అన్న మాట బంగారం. ఈ కాలువ మాత్రం బంగారం కాదు," అన్నాను.

"మా నాన్న తవ్వించాడది. నలభై ఏళ్ళుగా పారుతోంది. పిల్లలు పోవడం పైవాడి రాత."

"కాలువ ఎటు పారాలో పైవాడు రాయలేదు. మీ నాన్న గీశాడు, మీరు ఉంచారు."

మొహం ఎర్రబడింది. తలుపు వేసుకున్నాడు. మంచివాడే. అబద్ధమాడినందుకు నిద్రపోని మనిషి, నీళ్ళ గురించి మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు. నువ్వు తూచు ఆయన్ని, నాకు ఆ తక్కెడ చేతకాదు.

నువ్వు చెప్పినట్టే చేస్తాను. ఈ సబ్బాతు వేదిక ఎక్కి చదువు ఆపుతాను. మొదటి ఫిర్యాదు ఫైవెల్ మీద: ఒకామెను చంపే మాట పుట్టించి, ఇంకొకడి నోట్లో పెట్టి, ఊరంతా అంటించాడని. రెండోది కాలువ మీద. మొదటిది రెండోదాన్ని కొట్టేయదు. ఆ రెండూ తేలేదాకా గ్రంథం విప్పనివ్వను.

కాల్మన్‌కు ఆ రోజు జ్వరం వస్తుందని నా అనుమానం. లేఖరికి చెవులు వినబడవని అనుమానం. పెద్దలు 'ముందు చదువు, తర్వాత చూద్దాం' అంటారని అనుమానం. అన్నిటికన్నా నా మీద నాకు అనుమానం: మొదటి ఫిర్యాదు గొణిగేసి రెండోది గొంతెత్తి అరుస్తానేమోనని. అందుకే నువ్వు రావాలి. వేదిక కింద నిలబడు. నేను గొణిగితే 'వినబడలేదు' అని కేక వెయ్యి.

అక్క మందిరంలో ఆడవాళ్ళు కూర్చునే పై అంతస్తుకు వస్తానంది. బావ భుజం పట్టి మెట్లు ఎక్కిస్తాడు. గురువారం బండి పట్టుకో, శుక్రవారం పొద్దుగూకే లోపు ఇక్కడుంటావు. నేను నిన్నటి నుంచి ఇల్లిల్లూ తిరిగి నోటితోనే పిలుస్తున్నాను, కాగితం లేదు. కాలువ వెంబడి వాళ్ళందరూ వస్తున్నారు, ఆ రెండిళ్ళ తల్లులతో సహా. చేపలావిడ వస్తుంది. కాల్మన్ గుమ్మం ముందు కూడా నిలబడి పిలిచాను.

సబ్బాతు పొద్దున తొమ్మిది గంటలకు, పెద్ద సమాజమందిరంలో, గ్రంథపు మందసం తలుపు తీయకముందు. రా.

ఫైవెల్